పాత మోటారు సైకిల్ వైరింగ్: ఎవరో వేసిన అతుకులు విప్పడం

విద్యార్థులారా! ఓమ్ నియమం మీరు పదో తరగతిలోనే చదువుకున్నారు. దాని మీద లెక్కలు చేసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు. ఒక తీగలో ప్రవాహాన్ని దాని నిరోధంతో గుణిస్తే ఆ తీగ రెండు కొనల మధ్య వోల్టేజి తేడా వస్తుంది. ఇంత చిన్న సూత్రం రాత్రిపూట రహదారి మీద ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం కాగలదని పాఠ్యపుస్తకం చదివేటప్పుడు మనకు తోచదు. ఈ పాఠంలో ప్రయోగశాలలోని బల్బునూ బ్యాటరీనీ కాసేపు పక్కన పెట్టి, ఒక పాత మోటారు సైకిల్ దగ్గరకు వెళదాం. దాని పాత యజమాని చేయించిన వైరింగ్‌ను సరిచేస్తూ, మనకు తెలిసిన భౌతికశాస్త్రం ఎక్కడెక్కడ పనికి వస్తుందో చూద్దాం.

ఉదాహరణకు తీసుకుంటున్నది నేను కొన్నేళ్ల కిందట కొన్న ఒక పాత బుల్లెట్ 350. ఈ బండి మూలం ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం. దీన్ని మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారుచేయడానికి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడింది. ఇంగ్లండులో అసలు కంపెనీ 1970 నాటికి మూతపడినా, మన దేశంలో ఈ బండి పాత పద్ధతి ఇంజనుతో దశాబ్దాల తరబడి తయారవుతూ వచ్చింది. అందుకే ఇప్పటికీ మన ఊళ్లలో ముప్పై, నలభై ఏళ్ల బుల్లెట్లు కనిపిస్తాయి. ఒక్కో బండి నలుగురైదుగురి చేతులు మారి ఉంటుంది. ఇంజను గట్టిది కనుక దాని జోలికి తొందరగా ఎవరూ పోరు. వైరింగ్ మాత్రం ప్రతి చేతిలోనూ కొంత మారుతుంది.

నాకు బండి అమ్మినాయన దాన్ని ప్రేమగానే చూసుకున్నాడు. ఛాసిస్ విప్పించి కొత్తగా పెయింట్ వేయించాడు. ఒక జత పెద్ద హారన్లు పెట్టించాడు. హెడ్‌లైటులో మాన్యువల్‌లో చెప్పినదానికంటే చాలా పెద్దదైన 100 వాట్ల హాలోజన్ బల్బు వేయించాడు. హ్యాండిల్ దగ్గర మొబైల్ చార్జర్ బిగించాడు. ఆయన సరదాపడి చేయించిన ఈ నాలుగు పనులూ నాకు నాలుగు జబ్బులై సంక్రమించాయి.

హెడ్‌లైటు కిరసనాయిలు లాంతరులా పచ్చగా వెలిగేది. హారన్ నొక్కితే ఆ కాస్త వెలుగూ తగ్గి, ఇంజను దగ్గేది. బ్రేకు తొక్కితే వెనకున్న ఎర్రలైటు సరిగా వెలగక, ముందున్న రెండు చిన్న పైలట్ దీపాలు మసకగా వెలిగేవి. అంటే వెనక వెలగవలసింది ముందు వెలుగుతోందన్నమాట! వారం రోజులు బండి తీయకపోతే బ్యాటరీ చచ్చిపోయేది. వీటన్నిటితో సర్దుకుపోతూ తిరుగుతుండగా, ఒక రాత్రి రహదారి మీద చక్రం గుంతలో పడగానే బండి మొత్తం చీకటైపోయింది. లైటు, ఇంజను ఒకేసారి ఆగిపోయాయి. వెనక వస్తున్న బస్సు డ్రైవరు చివరి క్షణంలో నన్ను చూసి పక్కకు తిప్పాడు. మర్నాడే ట్యాంకు విప్పాను.

ముందు దారి తెలుసుకోవాలి

ట్యాంకు తీసి చూస్తే కింద నల్లటేపు చుట్టిన ముద్దలు వరసగా కనిపించాయి. లెక్కపెడితే 17 అతుకులు తేలాయి. ఇలాంటప్పుడు చాలామందికి కటింగ్ ప్లయరు తీసుకుని అన్నీ తెగ్గొట్టాలనిపిస్తుంది. తొందరపడకండి. ఒకసారి కోశాక ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పే సాక్ష్యం కూడా పోతుంది. ముందు ఫోటోలు తీయండి. ప్రతి తీగకూ చిన్న కాగితపు చీటీ అంటించండి. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద వలయం గీయండి.

బుల్లెట్‌లో ప్రధానమైన దారి ఇది. బ్యాటరీ నుంచి బయలుదేరిన ప్రవాహం ఫ్యూజ్ గుండా హెడ్‌లైటు డోములో ఉన్న అమ్మీటరుకు వస్తుంది. అక్కడి నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కు వెళ్లి, ఆపైన కొమ్మలుగా చీలుతుంది. ఒక కొమ్మ లైట్లకు, ఒకటి హారన్‌కు, ఒకటి బ్రేకు లైటుకు, మరొకటి ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కు వెళుతుంది. ఇవన్నీ సమాంతర సంధానంలో ఉంటాయి. పని ముగించిన ప్రవాహం తిరిగి బ్యాటరీకి చేరడానికి వేరే తీగ అక్కర్లేకుండా బండి ఇనుప చట్రాన్నే వాడుకుంటారు. దీన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. ఇంటి వైరింగ్‌లో ఎర్త్ అంటే నేలలోకి పోయే రక్షణ తీగ. బండిలో ఎర్త్ అంటే తిరుగుదారి. పేరు ఒకటే గాని పని వేరు.

నా బండి వంటి పాయింట్ల బుల్లెట్‌లో ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు బ్యాటరీ వలయం నుంచే వస్తుంది. బ్యాటరీకీ కాయిల్‌కూ మధ్య ఎక్కడ తెగినా ఇంజను ఆగిపోవలసిందే. గుంతలో పడగానే లైటూ ఇంజనూ కలిసి పోయాయంటే, తప్పు ఆ రెండింటిలోనూ లేదు. రెండూ చీలకముందు ఉన్న ఉమ్మడి దారిలో ఎక్కడో ఉంది. వలయం బొమ్మ ముందుంటే పానా ముట్టుకోకుండానే ఇంత దూరం ఆలోచించవచ్చు.

తీగల రంగును నమ్మవద్దు. కంపెనీ వేసిన వైరింగ్‌లో ప్రతి రంగుకూ ఒక అర్థం ఉంటుంది. తర్వాత అతికినవారు మాత్రం ఆ రోజు దుకాణంలో ఏ రంగు దొరికితే ఆ రంగు వేస్తారు. నా బండిలో ఎర్ర తీగ ఒకటి డోములోంచి బయలుదేరి సీటు కింద పచ్చగా మారి, మడ్‌గార్డు దగ్గర నల్లగా తేలింది.

పనిచేసేటప్పుడు జాగ్రత్తలు రెండు చెబుతాను, తప్పక పాటించండి. బ్యాటరీ తీగలు విప్పేటప్పుడు ముందుగా చట్రానికి కలిపిన తీగను, అంటే ఎర్త్ తీగను విప్పాలి. రెండో తీగను ముందు విప్పబోతే, చేతిలోని పానా పొరపాటున చట్రానికి తగిలి బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. బ్యాటరీ చిన్నదే అయినా అలాంటప్పుడు పదుల ఆంపియర్లు ఇవ్వగలదు. వేలికి ఉంగరం ఉంటే అది కాలిపోయి వేలిని కూడా కాలుస్తుంది. ఈ రోజుల్లో చాలా బండ్లకు రుణ ధ్రువమే ఎర్త్‌కు కలిసి ఉంటుంది. పాత ఇంగ్లీషు బండ్లలో కొన్నిటికి ధన ధ్రువాన్ని చట్రానికి కలిపేవారు. అందుచేత చూసి నిర్ధారించుకోండి. ఇక రెండోది: ట్యాంకు తీసి దూరంగా పెట్టి, పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే పని మొదలుపెట్టండి.

మీటరు ఎప్పుడు అబద్ధం చెబుతుంది?

ఈ పాఠంలో మీరు బాగా గుర్తుపెట్టుకోవలసిన భాగం ఇదే. లైటు మసకగా వెలుగుతోంది, దారిలో ఎక్కడో నిరోధం ఎక్కువైంది. మరి నిరోధం కొలవడానికి మల్టీమీటరులో ఓమ్ స్కేలు ఉంది కదా, దానితో కొలిస్తే సరిపోదా? నేనూ మొదట అదే చేశాను. బ్యాటరీ తీసేసి, దారి ఈ కొనకు ఒక పుల్ల, ఆ కొనకు ఒక పుల్ల ఆనించాను. మీటరు అర ఓము చూపింది. రెండు పుల్లలనూ ఒకదానికొకటి ఆనిస్తే, మధ్యలో ఏమీ లేకపోయినా, దాదాపు అంతే చూపింది. అంటే నేను కొలుస్తున్నది ఎక్కువగా మీటరు తీగల సొంత నిరోధాన్నే! పైగా ఓమ్ స్కేలులో మీటరు పంపే ప్రవాహం చాలా స్వల్పం. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా, ఆ స్వల్ప ప్రవాహానికి అది చాలు. మీటరు బాగానే ఉందని చెబుతుంది. హెడ్‌లైటు ప్రవాహం అంతా ఆ ఒక్క పోగు మీద పడినప్పుడు సంగతి వేరు.

కాబట్టి వలయాన్ని పని చేయిస్తూనే కొలవాలి. ఇగ్నిషన్ వేసి, హెడ్‌లైటు వెలిగించి, మీటరును డి.సి. వోల్టుల స్కేలులో పెట్టాలి. ఇంజను ఆపి ఇగ్నిషన్ వేస్తే కాయిల్ ఊరికే వేడెక్కుతుంది. కనుక కాంటాక్ట్ పాయింట్ల మధ్య చిన్న కాగితం ముక్క దూర్చాను. దానితో కాయిల్‌లో ప్రవాహం ఆగిపోతుంది. ఇంకో సంగతి, నా బండిలో హెడ్‌లైటు బ్యాటరీ మీద వెలుగుతుంది. కొన్ని బండ్లలో అది ఇంజను తిరిగినప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చే ఎ.సి. మీద వెలుగుతుంది. వాటికి ఇంజను నడుస్తుండగా మీటరును ఎ.సి. స్కేలులో పెట్టి కొలవాలి.

కొలతలు ఇలా వచ్చాయి. బ్యాటరీ ధ్రువాల మధ్య 12.4 వోల్టులు. బల్బు రెండు కొనల మధ్య 9.6 వోల్టులు. మిగతా 2.8 వోల్టులు దారిలో ఖర్చయిపోయాయి. ఎక్కడ? మీటరు ఒక పుల్లను బ్యాటరీ ధన ధ్రువం మీద, రెండోదాన్ని బల్బుకు ప్రవాహం చేరే కొన మీద ఉంచితే 1.9 వోల్టులు. బల్బు ఎర్త్ కొనకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య కొలిస్తే 0.9 వోల్టు. ఈ రెండూ కూడితే సరిగ్గా 2.8 వచ్చింది. వెళ్లే దారిలో ఎంత పోతోందో, తిరిగివచ్చే దారిలో ఎంత పోతోందో విడివిడిగా తెలిసిపోయింది.

ఇక 1.9 వోల్టులను ముక్కలు చేయాలి. బ్యాటరీ నుంచి అమ్మీటరు వరకు 0.1. అమ్మీటరు ఒక మరనుంచి ఇంకో మరకు 0.3. ఇగ్నిషన్ స్విచ్ లోపలికీ బయటికీ మధ్య 0.4. స్విచ్ తర్వాత, కొమ్మలుగా చీలడానికి ముందు ఉన్న ఒకే ఒక టేపు ముద్దకు అటూ ఇటూ 1.1 వోల్టులు! దొంగ దొరికాడు.

టేపు విప్పితే లోపల రెండు తీగలను చేత్తో మెలిపెట్టి వదిలేశారు. రాగి నల్లబడింది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి గట్టిపడింది. అప్పుడు వలయంలో ప్రవాహం సుమారు 7 ఆంపియర్లు. అయితే ఆ అతుకు నిరోధం 1.1ని 7తో భాగిస్తే ఎంత? దాదాపు 0.16 ఓము. ఓములో ఆరో వంతు కూడా లేదు! మన మీటరు ఓమ్ స్కేలుకు అందనంత చిన్నది. కాని ఆ చిన్న చోట ఉష్ణంగా మారుతున్న సామర్థ్యం 7 × 1.1, అంటే 7.7 వాట్లు. వేలెడంత టేపు ముద్దలో ఎనిమిది వాట్ల చిన్న పొయ్యి, పెట్రోలు ట్యాంకుకు జానెడు కింద వెలుగుతోందని ఊహించుకోండి.

అతుకు వేసిన రోజున అది బాగానే పనిచేసి ఉంటుంది. మెలిపెట్టిన రాగి మీద గాలి, తేమ తగిలి ఆక్సైడు పొర ఏర్పడింది. ఆ పొర మంచి వాహకం కాదు. నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ఆక్సీకరణం ఇంకా వేగంగా జరుగుతుంది. దానితో నిరోధం మళ్లీ పెరుగుతుంది. ఇంజను కుదుపులకు మెలిక వదులవుతూ ఉంటుంది. ఒక రాత్రి గుంతలో పడే వేళకు ఆ మెలికలో మిగిలిన నాలుగైదు పోగులు కూడా విడిపోయాయి. ఉమ్మడి దారి కనుక లైటు, ఇంజను కలిసి ఆగాయి. మళ్లీ కాసేపటికి చల్లారి అవి తగులుకున్నాయి, బండి ఇంటికి వచ్చింది. ఇలాంటి లోపం మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు కనిపించదు. అందుకే అది ప్రమాదకరం.

ఎక్కువ వాట్లు, తక్కువ వెలుగు

ఇప్పుడు 100 వాట్ల బల్బు సంగతి. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. 12 వోల్టుల బల్బుకు 9.6 వోల్టులే అందితే వెలుగు సగానికంటే తక్కువకు పడిపోతుంది. అంటే ఆయన 100 వాట్ల బల్బు కొని, 50 వాట్ల బల్బంత వెలుగు కూడా పొందలేదు. దాని స్థానంలో 60 వాట్ల బల్బుకు నిండుగా 12 వోల్టులు అందిస్తే అంతకంటే ఎక్కువ వెలుగు వస్తుంది.

ఇందులో ఒక విషవలయం ఉంది. అతుకుల వల్ల వెలుగు తగ్గింది. వెలుగు చాలడం లేదని పెద్ద బల్బు వేశారు. పెద్ద బల్బు ఎక్కువ ప్రవాహం తీసుకుంది. ఆ ప్రవాహానికి అతుకులలో వోల్టేజి నష్టం పెరిగింది, అతుకులు ఇంకా పాడయ్యాయి. జబ్బును వదిలి లక్షణానికి మందు వేస్తే ఇలాగే అవుతుంది. హారన్ల కథా ఇదే. ఆ పెద్ద జత హారన్లు మరో 8 ఆంపియర్లు అదే అతుకు గుండా లాగేవి. హారన్ నొక్కిన ఆ రెండు క్షణాలూ ఇగ్నిషన్ కాయిల్‌కు 8, 9 వోల్టులే మిగిలేవి. రవ్వ బలహీనపడి ఇంజను దగ్గేది. లారీని తప్పుకోమని హారన్ కొడితే మన బండే ఆగిపోయేలా ఉండడం ఎంత విడ్డూరమో చూడండి.

తీగ మందం కూడా చూడాలి. రాగి విశిష్ట నిరోధం సుమారు 1.7 × 10⁻⁸ ఓమ్ మీటరు. 0.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం ఉన్న తీగ 2 మీటర్లు తీసుకుంటే దాని నిరోధం 0.068 ఓము. 7 ఆంపియర్లకు దానిలో దాదాపు అర వోల్టు పోతుంది. అదే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం 0.16 వోల్టు. నా బండిలో కొన్నిచోట్ల సన్నని తీగ వేస్తే, కొన్నిచోట్ల ఇళ్ల గోడల్లో వేసే ఒంటిపోగు తీగ వేశారు. గోడ కదలదు కనుక ఇంటికి ఒంటిపోగు తీగ చెల్లుతుంది. బండి ఎప్పుడూ అదురుతూ ఉంటుంది, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా తీగ వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచి తెంపడం మీరు చేసే ఉంటారు. ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే పై ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా లోపల రాగి మాత్రమే తెగుతుంది. అందుకే వాహనాలకు ఎప్పుడూ ఎన్నో సన్నపోగులు కలిపిన మెత్తని తీగనే వాడాలి.

వెనక వెలగవలసింది ముందు ఎందుకు వెలిగింది?

తిరుగుదారిలో పోతున్న 0.9 వోల్టు మిగిలి ఉంది. దానికి కారణం ఆ కొత్త పెయింట్! ఛాసిస్‌కు అందంగా రంగు వేసినప్పుడు ఎర్త్ తీగ మర బిగించే చోట కూడా రంగు పడింది. రంగు విద్యుత్ బంధకం. మర దంతాలు ఎక్కడో గీసుకుని కొంచెం తగులుతున్నాయి, అంతే. పైగా హెడ్‌లైటు డోము ఎర్త్ హ్యాండిల్ మెడలోని బాల్ బేరింగుల గుండా చట్రానికి చేరుతోంది. గ్రీజులో తేలే ఇనుప గోళీలను తిరుగుదారిగా వాడుకోవడం ఎంతవరకు నమ్మదగినదో మీరే ఆలోచించండి.

వెనక దీపంలో ఇంకా విచిత్రం జరిగింది. అందులోని బల్బుకు రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 5 వాట్ల టెయిల్ లైటు, మరొకటి 21 వాట్ల బ్రేకు లైటు. రెండింటికీ ఎర్త్ ఒకటే, బల్బు ఇత్తడి అడుగుభాగం. రంగు వల్ల ఆ ఎర్త్ తెగిపోయింది. బ్రేకు తొక్కగానే ప్రవాహం 21 వాట్ల ఫిలమెంటు గుండా అడుగుభాగానికి వచ్చింది. అక్కడ దారి మూసుకుంది. అయితే 5 వాట్ల ఫిలమెంటు ఆ అడుగుభాగానికే కలిసి ఉంది కదా! ప్రవాహం దాని గుండా వెనక్కు ఎక్కి, టెయిల్ లైటు తీగ పట్టుకుని ముందుకు వెళ్లింది. ఆ తీగే ముందున్న పైలట్ దీపాలకూ వెళుతుంది. వాటికి ఎర్త్ ఉంది. వాటి గుండా చట్రానికి చేరింది. వెనక బల్బులోని రెండు ఫిలమెంట్లూ పైలట్ దీపాలతో శ్రేణిలో పడడం వల్ల వెలుగు మసకగానే వచ్చింది. విద్యుత్తుకు ముందూ వెనకా అన్న పట్టింపు లేదు. వలయం పూర్తయ్యే దారి ఎటు దొరికితే అటు పోతుంది. మీరు పరీక్ష కోసం ఇలాంటి వలయం గీసి ప్రతి బల్బు మీదా ఎంత వోల్టేజి పడుతుందో లెక్కకట్టి చూడండి. అయితే ఒక హెచ్చరిక: ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడిగా ఉన్నప్పటి నిరోధంలో పదో వంతు మాత్రమే ఉంటుంది. కనుక లెక్క కచ్చితంగా కుదరకపోతే దిగులుపడకండి.

దీన్ని సరిచేయడం తేలిక. మర కింద రంగు గీకి ఇనుము బయటపెట్టాను. పళ్లున్న వాషరు వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా కొంచెం వాజ్‌లైను రాశాను. డోము నుంచి ఒకటి, వెనక దీపం నుంచి ఒకటి, విడిగా రెండు నల్ల తీగలు తెచ్చి బ్యాటరీ ఎర్త్ మర దగ్గర కలిపాను.

సిగరెట్ పెట్టె కాగితం

ఫ్యూజ్ గొట్టం తెరిస్తే లోపల ఫ్యూజ్ కాలిపోయి ఉంది. దాని చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఇది మన దేశంలో ప్రతి రోడ్డు మీదా జరిగేదే. ఆ పని చేసినవాణ్ని నేను తప్పుపట్టను. ఏ అర్ధరాత్రో, ఏ ఊరి మధ్యనో ఆగిపోయి ఉంటాడు, ఇల్లు చేరాలి. తప్పంతా ఇల్లు చేరాక దాన్ని మరిచిపోవడంలో ఉంది.

ఫ్యూజ్ బల్బును కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది తీగను. మామూలు ప్రవాహానికి కరగకూడదు, తీగ తట్టుకోగల గరిష్ఠ ప్రవాహం కంటే ముందే కరగాలి. ఈ రెండు హద్దుల మధ్య విలువనే ఎంచుకుంటారు. మడతలు పెట్టి చుట్టిన లోహపు కాగితం మాత్రం తీగ భరించలేని ప్రవాహానికి కూడా కరగదు. అప్పుడు షార్ట్ అయితే వలయంలో అన్నిటికంటే ముందు కాలేది తీగే. ఒక తీగ మీది ప్లాస్టిక్ అంటుకుంటే కట్టలోని మిగతా తీగలకూ పాకుతుంది. పైన ట్యాంకు ఉంది. మాన్యువల్‌లో చెప్పిన ఆంపియర్ల ఫ్యూజ్ వేశాను. అది మళ్లీ కాలితే పెద్ద ఫ్యూజ్ వెతకడానికి బదులు ఎందుకు కాలిందో వెతకాలి.

బ్యాటరీ వారంలో చచ్చిపోవడానికి కారణం తేల్చడం సులువే. ఇగ్నిషన్ తీసేసి, బ్యాటరీ ఎర్త్ తీగ విప్పి, ఆ సందులో మీటరును ఆంపియర్ల స్కేలులో శ్రేణిలో కలపాలి. మీటరును ఆంపియర్ల స్కేలులో ఉంచి బ్యాటరీ రెండు ధ్రువాలకూ నేరుగా ఎన్నడూ ఆనించకండి, అది షార్ట్ చేసినట్టే. నా మీటరు 0.05 ఆంపియరు చూపింది. సున్నా చూపాలి. మొబైల్ చార్జరు తీగను ఇగ్నిషన్ స్విచ్ దాటించి తిన్నగా బ్యాటరీకే కలిపారు. ఫోను పెట్టకపోయినా అది కొంచెం తాగుతూనే ఉంటుంది. 9 ఆంపియర్ గంటల బ్యాటరీని 0.05తో భాగిస్తే 180 గంటలు, అంటే ఏడున్నర రోజులు. లెక్క రోజుతో సహా సరిపోయింది.

కొత్త తీగలు

ఇన్ని అతుకులున్నప్పుడు ఒక్కొక్కటే బాగుచేయాలా, మొత్తం వైరింగ్ సెట్టు మార్చాలా? నాలుగైదు అతుకులైతే బాగుచేయడమే మేలు. అంతకు మించితే మొత్తం మార్చమనే నా సలహా. బుల్లెట్‌కు తయారైన సెట్లు దొరుకుతాయి. ఢిల్లీలోని కరోల్‌బాగ్ ఈ బండి విడిభాగాలకు ప్రసిద్ధి. మన పట్టణాల్లోనూ ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతాయి. కొనేముందు బండి మోడలు, ఎన్ని వోల్టులదో చెప్పండి. బాగా పాతవి 6 వోల్టులవి, తర్వాతివి 12 వోల్టులవి.

కొత్త కనెక్షన్లు మెలిపెట్టి టేపు చుట్టలేదు. ప్రతి కొనకూ సరైన కొలత లోహపు టోపీ తొడిగి, దానికోసమే ఉన్న పట్టకారుతో గట్టిగా నొక్కాను. ఇలా నొక్కినప్పుడు రాగిపోగులు, టోపీ గాలి చొరనంత దగ్గరగా అదుముకుంటాయి. ఇంగ్లీషువారు ఆ గుండ్రటి టోపీలను బుల్లెట్ కనెక్టర్లంటారు, మన బండి పేరుకు తగ్గట్టే. టంకం వేస్తే ఇంకా మంచిది కదా అని మీరు అడగవచ్చు. రేడియోలో మంచిదే. అదిరే బండిలో, కరిగిన తగరం పోగుల మధ్యకు పాకి ఆ మేర తీగను కర్రలా బిగుసుకునేలా చేస్తుంది. బిగుసుకున్న భాగం ముగిసే చోట తీగ వంగి వంగి తెగుతుంది. టంకం వేయక తప్పకపోతే ఆ చోటు వంగకుండా పైన స్లీవు తొడిగి చట్రానికి కట్టాలి.

పెద్ద హారన్లు తీసేసి పాతది పెట్టాను. పెద్ద హారన్లే కావాలంటే రిలే వాడాలి. బొత్తాము రిలేలోని విద్యుదయస్కాంతానికి స్వల్ప ప్రవాహం ఇస్తుంది. ఆ అయస్కాంతం వేరొక స్విచ్‌ను కలిపి, బ్యాటరీ నుంచి విడి ఫ్యూజ్ గుండా వచ్చిన మందపాటి తీగను హారన్‌కు కలుపుతుంది. బల్బు మాన్యువల్ చెప్పిన వాట్లకే మార్చాను. అమ్మీటరు మరలు ఊడదీసి, గీకి బిగించాను. బండి ప్రవాహమంతా దాని గుండానే పోతుంది కనుక ఆ రెండు మరలు వదులైతే మిగతా పనంతా వృథా.

మళ్లీ అదే పద్ధతిలో కొలిచాను. వెళ్లే దారిలో నష్టం 0.3 వోల్టు, తిరిగివచ్చే దారిలో 0.05. ఇగ్నిషన్ తీసేస్తే బ్యాటరీ నుంచి ప్రవాహం సున్నా. ఇంజను కాస్త వేగంగా నడిపితే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు వస్తున్నాయి. చార్జింగ్ బాగానే ఉంది. చివరి పరీక్షగా లైటు వేసి హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, తీగల కట్టను చేత్తో పట్టుకుని అడుగడుగునా కదిపి చూశాను. వెలుగు ఎక్కడా తొణకలేదు.

బయటికి తీసిన తీగ ముక్కలు కొలిస్తే దాదాపు 4 మీటర్లు తేలాయి. వలయం బొమ్మను శుభ్రంగా మళ్లీ గీశాను. ఏ రంగు తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో, ఎక్కడ ఎంత వోల్టేజి చూపాలో దాని మీద తేదీ వేసి రాశాను. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు అదనపు ఫ్యూజులతో కలిపి సీటు కింద కట్టాను. నా తర్వాత ఈ బండి కొనేవారికి అది మొదట కనిపిస్తుంది.